ఏసుమణి వేళ్ళు

అద్దాల బల్లను మూడోసారి తుడుస్తోంది ఏసుమణి. ముత్తుకూరులో తలుపులెంత బిగించినా పొద్దుటికి కరెంటు ప్లాంటు బొగ్గు నుంచి సన్నటి నల్లదుమ్ము వచ్చి పేరుకునే ఉంటుంది. బల్ల అద్దం కింద వరసగా, జనం వేలు పోసి కొని దాచుకునే కార్డులు: క్రికెట్ ఆటగాళ్ళవి, కుస్తీ వస్తాదులవి, నిప్పులు కక్కే జపాను బొమ్మ జంతువులవి. వాటి మీది ఇంగ్లీషు ఆమెకు రాదు. మీసాలాయన, రెక్కల గుర్రం, పచ్చకళ్ళది అని తన పేర్లు తానే పెట్టుకుంది.

నలభై తొమ్మిదేళ్ళ పొట్టి మనిషి. అరచేతులు మాత్రం వెడల్పు. వేళ్ళ కొసలు ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు ముడతలుపడి ఉంటాయి. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు ఐసునీళ్ళలో నానిన చేతులవి. రొయ్యను చేతిలో వేసుకోగానే కిలోకి ముప్పై తూగే రకమో నలభై తూగే రకమో చెప్పేసేది. షెడ్డు మూతపడ్డాక, చెల్లెలు రెబెక్కమ్మ నడిపే నోటుపుస్తకాల కొట్లో వచ్చి కూర్చుంది. అక్కడ ఒకరోజు, పిల్లలు కొనే ప్యాకెట్లోని కార్డును బొటనవేలితో రాసి, "ఇది వేరే అట్ట. దొంగది," అంది. చెన్నై నుంచి సరుకు తెచ్చినతను ముందు నవ్వాడు. చించి లోపలి పొర చూశాక నోరు మూసుకున్నాడు.

ఆ కబురు నెల్లూరు దాకా పాకింది. ఏడాది తిరక్కుండా నోటుపుస్తకాలు పోయి కొట్టంతా కార్డులే అయింది. మేడ మీద కార్డులతో ఆడే పోటీలకు బల్లలు వేశారు. కరెంటు ప్లాంటు ఇంజనీర్లు, తడ ఫ్యాక్టరీల వాళ్ళు, ఆదివారమైతే చెన్నై వాళ్ళు కూడా వస్తారు. వచ్చినవాళ్ళు కొనేది ఏదైనా, ముందు ఏసుమణి ముట్టి చెప్పాలి.

ఆ వేళ్ళు చచ్చుబడుతున్నాయి. షుగరు. ముందు ఎడమచేతికి స్పర్శ పోయింది. కుడిచేతి బొటనవేలుందిలే అనుకుంటూ నెట్టుకొచ్చింది. ఈ పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే ఆ వేలికీ వేడి తెలియలేదు.

పదకొండింటికి ప్లాంటులో పనిచేసే హరినాథ్ వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడే. కార్డులు దాచుకునే పుస్తకం మధ్యలోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చూడక్కా. దీనికి బదులు నా వెండిరంగు కార్డు అడగతా ఉండాడు ఒకాయన. నాలుగేళ్ళు దాచుకున్నది. ఇది అసలుదైతేనే ఇస్తా."

ఏసుమణి కళ్ళు మూసుకుంది. రాసింది. గుడ్డ చుట్టుకున్న వేలితో ముట్టినట్టుంది. మళ్ళీ రాసింది.

"మంచిదేలే," అంది.

అతను వాకిలి మెట్లు దిగేదాకా ఆగలేకపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి వెళ్ళింది.

"ఆగు నాయనా. నాకు తెలీలా. ఊరికే చెప్పినా."

హరినాథ్ నవ్వాడు. "నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలస్తాదక్కా!" అని బండి తీశాడు.

లోపలికొచ్చి, అన్నం గిన్నెలు సర్దుతున్న చెల్లెలి పక్కన కూలబడింది. "నా చేతులు పోయినాయి రెబెక్కా. ఇంక నేను చెప్పలేను."

రెబెక్కమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ఎప్పట్నించి?"

"ఎండాకాలం నించి ఎడమది. ఈ పొద్దున ఇదీ పోయింది."

"బయట అనబాకక్కా. నువ్వు ముట్టుకుంటే చాలు వాళ్ళకి. ఎవురు చించి చూస్తారు?"

"షెడ్డులో తప్పు చెప్పినోళ్ళని ఆ పూటే గేటు బయటికి పంపించేవోళ్ళు."

"మనల్ని పంపించేదానికి ఎవురుండారు?" అంది రెబెక్కమ్మ. ఆ మాటలో కోపం లేదు. భయమే ఉంది. ఇద్దరికీ మగదిక్కు లేదు, ఈ కొట్టు తప్ప వేరే దారి లేదు. ఏసుమణి తన కుర్చీ వైపు చూసింది. రేపూ, ఎల్లుండీ, ఆ తర్వాతా ఈ కుర్చీలోనే కూర్చుని తెలియనిది తెలిసినట్టు చెప్తూ ఉండాలి. వేరే షెడ్డుకు వెళ్దామన్నా ఆ చేతులు ఎవరికి కావాలి?

రెండు ముద్దలు తిని లేచింది. భుజం లాగుతోంది, ఒళ్ళంతా చెమట. గ్యాసేమో అనుకుని వాము నమిలి, చేతులు బల్ల మీదే ఉంచి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. రెబెక్కమ్మ బల్లలు తుడవడానికి మేడ మీదికి వెళ్ళింది.

మూడింటికి తడ నుంచి ఒకాయన వచ్చాడు. కొత్తవాడు. బస్సులో వచ్చాడు. చొక్కా జేబులోంచి జాగ్రత్తగా కార్డు తీసి, తొడుగులోంచి బయటికి లాగి, బల్ల మీదున్న ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు.

"అమ్మా, మీ గురించి విని వచ్చినాను."

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. కార్డు చూసేటప్పుడు ఆమెను పలకరించకూడదని అతనికి ఎవరో చెప్పారు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఇంత నిదానంగా చూస్తోందంటే తన కార్డులో ఏదో విశేషం ఉండే ఉంటుందనుకున్నాడు.

రెబెక్కమ్మ మెట్లు దిగుతూ, "అక్కా," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. వచ్చి భుజం కదిపితే ఏసుమణి తల పక్కకి వాలింది, ఊపిరి లేదు.

ఆటో వచ్చింది. ఏసుమణిని ఎక్కించడానికి పక్క కొట్టు వాళ్ళతో పాటు తడ ఆయన కూడా ఒక చేయి వేశాడు. తర్వాత బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. తన కార్డు అడగలేదు.

అది బల్ల మీదే ఉంది, తొడుగు లేకుండా. మెరిసే దాని ముఖం మీద ఆమె వేలి చెమట ముద్ర ఒకటి ఇంకా ఆరలేదు.