కవరు మీద చేతిరాత

మూడు వారాలుగా వెర్నా ఒకే రాగి సెంటు నాణెం దగ్గర ఆగిపోయింది. 1798 నాటిది. ఆ రోజుల్లో అచ్చులను చేత్తో చెక్కేవారు కాబట్టి, ఒకే ఏడాది నాణేలైనా అచ్చుకొక తీరుగా ఉంటాయి. ఒహాయోలోని ఆ నాణేల క్లబ్బులో కొత్తవాళ్ల మొదటి సెంటు ఏ అచ్చుదో తెలిసినా ఎవరూ చెప్పరు. అచ్చుల పుస్తకంలో వెతికి, ఆ అచ్చు నంబరును నాణెం ఉంచే కాగితపు కవరు మీద వాళ్లే రాయాలి.

"అలా చూస్తుంటే దానికి సిగ్గేస్తుంది తల్లీ," అన్నాడు క్లబ్బులోని ముసలి హాలిస్.

"నీకు తెలుసుగా, చెప్పరాదూ?"

"చెప్తే అది నా సెంటైపోతుంది."

పుస్తకంలోని ఒక బొమ్మతో ఆకులూ అంకెలూ అన్నీ కలిశాయి. కానీ పుస్తకం ప్రకారం ఆ అచ్చు పగిలింది. పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా పడాలి. తన నాణెం మీది గీత లోతుగా, ఎవరో గీరినట్టు ఉంది. కావాలనుకున్నదాన్ని లేకపోయినా ఉన్నట్టు చూసేస్తానేమోనన్న భయంతో వెర్నా ప్రతిసారీ ఆ బొమ్మను దాటేసేది.

అందరికీ 'ఆపిల్ పై' అనే తీపి వంటకం పళ్లెంలో వచ్చింది. చోటు కోసం, తన ఒడి దగ్గరున్న దీపాన్ని నాణేనికి అవతలికి జరిపింది. నీడ ఇటు తిరిగింది. గీత పైకి లేచింది.

గీతను తడమబోయి, నాణెం గీసుకుపోతుందని వేలిగోటిని గాలిలోనే ఆపి, మళ్లీ చూసింది. నిజంగానే ఉబ్బెత్తు! ఇన్నాళ్లూ మోసం చేసింది తన ఆశ కాదు, ఉబ్బును గాడిలా చూపించిన ఇటువైపు వెలుగు.

కవరు మీద నంబరు రాసింది. గదంతా చప్పట్లు.

"మూడు వారాలు నోరు కట్టేసుకుని కూర్చున్నా!" అన్నాడు హాలిస్. "ఆ దీపం కిటుకు తెలియడానికి నాకైతే ఐదు వారాలు పట్టింది."