నడుం మీద అయిదు మచ్చలు

జ్ఞానమ్మ టీచరుగారు రిటైరయినా ఇన్‌స్పెక్షను మాత్రం మానలేదు. మనవడికీ మనవరాలికీ ఒళ్ళంతా టీ రంగు మచ్చలు, చర్మం కింద బుడిపెలు. ఆ జబ్బు కోడలు నిర్మల వైపునుంచే వచ్చిందని రేపల్లె అంతా చాటేసి, రుజువు కోసం రెండేళ్ళుగా తిరుగుతోంది. బాపట్లలో కోడలి చెల్లెలి పెళ్ళయితే నలుగు పెట్టడానికి అందరికంటే ముందు కూర్చుంది. కర్లపాలెంలో కోడలి అమ్మమ్మ పోతే, ఎవరూ పిలవకుండానే స్నానం చేయించడానికి వెళ్ళి శవాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. ఒక్క మచ్చ దొరకలేదు. గడుసువాళ్ళు, ఎక్కడో దాచేశారనుకుంది.

ఆ రోజు తెనాలిలో చర్మం డాక్టరుకి ఆఖరిసారి చూపించి, అటునుంచి అటే నిర్మలనీ పిల్లల్నీ బాపట్ల బస్సెక్కించి వదిలించుకోవాలని నిర్ణయం. రేకు పెట్టె తనే సర్దింది. కొడుకు యేసుదాసు అమ్మ చెప్పినట్టే దాన్ని మోసుకొచ్చాడు.

డాక్టరమ్మ పిల్లల్ని చూసి, నిర్మలని చూసి, యేసుదాసుని చొక్కా విప్పమంది.

"వాడికేం లేదండి. ఎడమ నడుం మీద అయిదు మచ్చలంతే. దేవుడు అయిదు వేళ్ళతో పట్టుకుని నా చేతికిచ్చిన గుర్తండి," అంది జ్ఞానమ్మ మురిసిపోతూ.

"జబ్బు ఇదేనమ్మా," అంది డాక్టరమ్మ. "మీ అబ్బాయి మీ కడుపులో పెరిగేటప్పుడు ఒక్క కణంలో మార్పొచ్చింది. దాన్నుంచి పుట్టిన కణాలు ఒంట్లో కొంతమేరే ఉన్నాయి, అందుకే ఒక పక్కే మచ్చలు. ఆ మార్పు బీజకణాల్లోకీ చేరింది. అది అందుకున్న పిల్లలకి ఒళ్ళంతా వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"అదీ! ఎవరి తప్పూ లేదంట," అని వెంటనే అందుకుంది జ్ఞానమ్మ.

"నాదని అన్నన్నాళ్ళూ తప్పే. ఆయనదని తేలేసరికి ఎవరిదీ కాదా అత్తయ్యా?" అంది నిర్మల.

బస్టాండులో రేపల్లె బస్సు సిద్ధంగా ఉంది. "పెట్టె ఎక్కించరా," అంది జ్ఞానమ్మ కొడుకుతో. నిర్మల పిల్లల్ని పట్టుకుని బెంచీ మీదే కూర్చుంది.

"ఆయనతో కాదండి, నాతో చెప్పండి. లేదంటే బాపట్ల బస్సూ వస్తుంది."

కండక్టరు విజిలేశాడు. ముప్ఫయ్యేళ్ళు క్లాసుల్ని గడగడలాడించిన టీచరు బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది. కర్లపాలెంలో తను తిప్పి చూసిన ఆ ముసలామె వీపు గుర్తొచ్చింది. జ్ఞానమ్మకి మొదటిసారి సిగ్గేసింది.

"మచ్చలు ఎవరి తప్పూ కాకపోవచ్చు. నేనన్న మాటలు మాత్రం నా తప్పేనమ్మా. ఇంటికి పద," అంది.

నిర్మల లేచి పిల్లల్ని బస్సెక్కించింది.

"రేపల్లెలో దిగాక ఇంకాస్త గట్టిగా అనాలండి," అంది.