ఇగ చెప్పకుండ్రి మేడం

మేడ్చల్‌లో స్కానింగ్ సెంటర్ మెట్లు ఎక్కేసరికే రహీమాకు ఆయాసం వచ్చింది. ఏడో నెల. కడుపులో బిడ్డకు బొడ్డు పక్కన కన్నం ఉందని, అందులోంచి పేగులు బయటికొచ్చి ఉమ్మనీటిలో తేలుతున్నాయని తెలిసినప్పటి నుంచీ ఇదే తిరుగుడు. దేవరయాంజాల్ నుంచి మొగుడు ఏజాజ్ ట్రాలీ ఆటోలో తీసుకొస్తాడు, తీసుకుపోతాడు.

ఇంటికి చేరగానే గుమ్మంలోనే అత్త జైతూన్‌బీ అడుగుతుంది. "ఏమన్నది డాక్టరమ్మ? బతుకుతదటనా?" ఆ తర్వాత ఆడపడుచు ఫోను. ఆ తర్వాత పక్కింటి శివమ్మ. "పేగులు ఉబ్బలేదట, మంచి గుర్తేనట" అని అందరికీ అప్పజెప్పేది రహీమా. విన్నవాళ్లు స్థిమితపడేవాళ్లు. ఆమెకు మాత్రం తెల్లారేసరికి ఆ మంచి కబురు పాతబడిపోయేది. మళ్లీ స్కాన్ దాకా కంటికి కునుకుండేది కాదు.

ఆ రోజు స్కాన్ చేస్తున్న డాక్టర్ పద్మలత చెయ్యి పొట్ట మీద ఒకచోట ఆగింది. పక్కకు జరిగి, మళ్లీ అక్కడికే వచ్చింది. రహీమా తెర వైపు చూడకుండా ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది.

"ఏంది మేడం?" గోడకు ఆనుకుని నిలబడ్డ ఏజాజ్ అడిగాడు.

"బయటున్న పేగులు బాగనే ఉన్నయ్. కానీ బిడ్డ కడుపు లోపలున్న పేగు ఉబ్బింది. ఎక్కడో మూసుకుపోయిందేమో. ఆపరేషన్ సులువుగ అయితదనుకున్న, ఇప్పుడు జర కష్టమైతదనిపిస్తాంది."

"బతుకుతదా లేదా, గది చెప్పుండ్రి."

"ఇట్లాంటి పిల్లలు శానామంది బతుకుతరు. మీ బిడ్డ సంగతి మాత్రం దీంట్ల చూసి ఖాయంగ చెప్పలేను. పోయినసారి ఒక మాట చెప్పిన, ఇప్పుడు మారింది గదా." ఆమె గొంతులోనూ అలసట ఉంది.

రహీమా పొట్ట తుడుచుకుని మెల్లగా లేచి కూర్చుంది. "మేడం, ఏమనుకోకుండ్రి. ఇగ నాకేం చెప్పకుండ్రి. మీరు సూడుండ్రి. మంచిగుందన్నా నాకు మోత బరువే, లేదన్నా మోత బరువే. శాతనైతలేదు. నేనేం జెయ్యాల్నో గదొక్కటి చెప్పుండ్రి."

ఏజాజ్ తల దించుకున్నాడు. పద్మలత స్టూలు దగ్గరికి లాక్కుంది.

"సరే. ఇక్కడెక్కడా కనొద్దు. పసిపిల్లలకు ఆపరేషన్ జేసే డాక్టర్లున్న సిటీ ఆసుపత్రిలనే కనాలె. వాళ్లతోని నేను మాట్లాడతా. నొప్పులొచ్చినా, కదలిక తగ్గినా బయలుదేరుడే."

"గంతేనా?"

"గంతే. ఇన్నిసార్లు చూసేది గూడ దానికే."

ఇంట్లో అత్తకు కూడా రహీమా అదే చెప్పింది, ఏమీ అడగొద్దని. ముసలామె అలిగి మాట్లాడడం మానేసింది. కొన్నాళ్లకు తనే వచ్చి, ఏమీ అడక్కుండా కోడలి వాచిన కాళ్లకు నూనె రాయడం మొదలుపెట్టింది.

శామీర్‌పేటలో ఆడపడుచు ఇంట్లో దావత్‌కు వెళ్లినప్పుడు, అన్నాల వేళకు నొప్పులొచ్చాయి. "గీ సందు చివరనే దవాఖాన ఉంది, జల్దీ పోదాం" అన్నారందరూ. ఏజాజ్ కూడా అటే బండి తిప్పబోయాడు. రహీమా అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆపకు. సిటీకే పో."

ఏజాజ్ బండిని సిటీ ఆసుపత్రి వైపే మళ్లించాడు.

ఆడపిల్ల పుట్టింది. రిదా అని పేరు పెట్టారు. బయటున్న పేగులను డాక్టర్లు ఒక సంచిలో ఉంచి, రోజుకింత చొప్పున మెల్లమెల్లగా కడుపులోకి దించారు. పద్మలత అనుమానపడ్డట్టే ఒకచోట పేగు మూసుకుపోయి ఉంది. కొన్ని వారాలాగి ఆ ముక్క కోసి, అతుకు వేశారు. ఆ తర్వాత కూడా పాల చుక్క పోస్తే ఆకుపచ్చగా బయటికి తిరిగి వచ్చేది. మళ్లీ ఆపేవారు, మళ్లీ పోసేవారు. రహీమా ఆసుపత్రి వరండాలో కుర్చీల్లోనే రోజులు గడిపింది.

ఒక పొద్దున నర్సు గట్టిగా పిలిచింది. "రిదా వాళ్లమ్మా, జల్దీ రా!"

రహీమా పరుగున వెళ్లింది. నర్సు నవ్వుతూ గుడ్డ విప్పి చూపించింది. పసుపుపచ్చగా, ఏ పసిపిల్లకైనా అయినట్టే, దొడ్డికి అయింది.

"దారి పడ్డదమ్మా. ఇగ పాలు అరుగుతయ్."

రహీమా నవ్వబోయింది. ఉయ్యాల పక్కన నేల మీదే చతికిలబడింది.

"జర సేపు ఈడనే కూసుంట సిస్టర్" అంది. అని, కూర్చున్నచోటే నిద్రపోయింది.