ఇంటికప్పున నిలిచిన గట్టిమేళం

తెల్లవారుజామున చిత్తూరులోని ఆ వీధికి మొదట వినిపించేది పాలబండి చప్పుడు కాదు, పవిత్ర నాదస్వరంలో పట్టే మంద్రస్థాయి షడ్జం. నాదస్వరపు రెల్లు పీకను నీళ్లలో నానబెట్టి, పెదవులతో తడిమి చూసి, నిండుగా ఊపిరి పీల్చి, కాఫీ డికాషన్ దిగేదాకా ఆ ఒక్క స్వరాన్నే నిలబెట్టడం ఆమె నిత్యకృత్యం. పక్కగదిలో తండ్రి జయరామ్ డోలు వార్లు బిగించుకుంటూ వినేవాడు. శ్రుతి వెంట్రుకవాసి జారితే గొంతు సవరించుకునేవాడు. అంతకు మించి ఆయన వద్ద మెచ్చుకోలూ లేదు, మందలింపూ లేదు.

ముహూర్తాలున్న రోజుల్లో తండ్రీకూతుళ్లు బస్సెక్కి తిరుపతికి వెళ్లేవారు. తాళి కట్టే క్షణంలో ఏ తుమ్మూ, ఏ అపశబ్దమూ వధూవరుల చెవిన పడరాదు గనుక, పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగించడం మేళగాండ్ర ధర్మం. ఎవరు వాయించినా అది పెండ్లిపందిట్లోనే ముగిసిపోతుంది. పవిత్ర వాయించిన గట్టిమేళం మాత్రం దంపతుల వెంట వెళ్లి, వారి ఇంటికప్పులో కాపురముంటుంది. ఆ ఇంట ఎవరి నోటనైనా తిరిగి తీసుకోలేని మాట రాబోయినప్పుడు, నాదస్వరమూ డోలూ పైనుంచి ఒక్కపెట్టున మోగి ఆ మాటను ముంచివేస్తాయి.

అలాంటి ఇండ్ల ఇరుగుపొరుగువారు దానికి ఎన్నడో అలవాటుపడ్డారు. "గురవమ్మ ఇంట్లో మేళం మోగినాది. అల్లుడు ఏమో అనబోయినట్టుండాడు" అనుకుని, ఆ సందడిలో కుక్కరు కూతల లెక్క తప్పినందుకు మాత్రం విసుక్కునేవారు.

పవిత్రకు ఆ భాగ్యం లేదు. తన పెండ్లిలో తానే వాయించుకోలేదు గనుక, ఇల్లరికం వచ్చిన భర్త సుకుమార్ అన్న మాటలన్నీ ఆమెకు చక్కగా వినబడేవి. అవి చాలావరకు కూరలో ఉప్పును గురించినవే. తన గట్టిమేళాన్ని దూరంగా కూర్చుని వినే అవకాశం సైతం ఆమెకు ఎన్నడూ కలగలేదు. పెండ్లి వీడియోలలో ఆ ఘట్టానికి ఎవరో ఒక సినిమా పాటను అతికించేవారు.

ఆ వైశాఖంలో తిరుపతి కల్యాణమండపంలో ఒక పొరపాటు జరిగింది. ఫొటోగ్రాఫర్లు వేదికను చుట్టుముట్టడంతో పురోహితుడు కనబడలేదు. వారి నడుమనుండి ఒక చెయ్యి పైకి లేచింది. పవిత్ర గట్టిమేళం అందుకున్నది. మండపమంతా లేచి అక్షతలు చల్లింది. తాళి ఇంకా పళ్లెంలోనే ఉన్నది. ఆ చెయ్యి, పెండ్లికొడుకును కొంచెం జరగమన్న వీడియోవానిది. అసలు ముహూర్తానికి ఎవరి చేతిలోనూ అక్షతలు మిగలక, పెద్దమనుషులంతా వంగి తివాచీ మీద ఏరుకోవలసి వచ్చింది.

"స్పీకరులో రికార్డు పెట్టుకొనుంటే ఇంత నవ్వులపాలు అయ్యుండం గదా" అన్నాడు పెండ్లికొడుకు తండ్రి. ఆమెను ఏండ్లుగా పిలుస్తున్న మండపం మేనేజరు బాలచంద్ర పక్కనే ఉండి, ఒక్క మాటయినా మాట్లాడలేదు. ఆ మౌనమే ఆమెకు ఎక్కువగా తగిలింది.

ఇంటికి వచ్చి నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టి, మూతి బిగించి కట్టింది.

"నాయనా, ఏర్పేడులో కాలేజీ హాస్టలు స్టోరు సూసుకునే పని ఉండాదంట. రమ్మంటాండారు. ఇంక ఈ మేళం నావల్ల కాదు."

"పో పాపా. ఆడ బియ్యం మూటలు తుమ్మినా నువ్వు వాయించే పన్లేదు."

"ఎగతాళి సేయొద్దు నాయనా."

"లేదులే. బాలచంద్రకు మాత్రం నేరుగా సెప్పిరా. ఫోన్లో సెప్పేది మర్యాద కాదు." డోలు మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు: "మండపం కాడికి కాదు. ఇంటికి పో."

పవిత్ర జీవితంలో తొలిసారి గట్టిమేళం వాయించింది బాలచంద్ర పెండ్లిలోనే. ఆమె అతని ఇంటికి వెళ్లేసరికి, భార్య మోహన ఆమెకు కాఫీ ఇచ్చి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నది.

"ఏందమ్మా, ఇంత దూరం వచ్చినావు?" అన్నాడు బాలచంద్ర.

"ఒక మాట సెప్పి పోదామని వచ్చినానన్నా. ఇంకమీద నేను నాదస్వరం..."

ఇంటికప్పు నుంచి మేళం మోగింది. మోహన తలెత్తకుండానే, "మళ్లీ ఏమనబోయినావయ్యా?" అన్నది.

"నేను కాదే. ఈ తూరి ఆయమ్మ."

మోహన చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. మేళం ఆగిన తరువాత పవిత్ర మళ్లీ ఆ మాట ఎత్తింది. అది మళ్లీ మోగింది. అప్పుడామె కాఫీ లోటా కింద పెట్టి, వినసాగింది.

వాయిస్తున్నది ఒక చిన్నపిల్ల. ఊపిరి బలంగా ఉన్నది, భయమూ అంతే బలంగా ఉన్నది. పైస్థాయికి ఎక్కేచోట నిషాదాన్ని సరిగా పట్టకుండా దాటివేసి, తాళాన్ని మించి పరుగెత్తింది. అంతలో తండ్రి డోలు వేగంలో ఒక మెట్టు దిగి, జారిన లయను తన అరచేతిలో పట్టుకుని, ఎవరికీ తెలియకుండా ఆ పిల్లను దారిలో పెట్టింది. తాను తప్పిన సంగతి పవిత్రకు ఇన్నేండ్లుగా తెలియదు. తండ్రి చెప్పలేదు. ఆ తప్పుతోనే ఆ మేళం ఈ ఇంటిని కాచుకుంటూ వచ్చింది.

"ఆ పొద్దు మండపంలో నోరెత్తలేకపోయినానమ్మా" అన్నాడు బాలచంద్ర తలవంచుకుని. "శ్రావణంలో ముహూర్తాలుండాయి. పురోహితుణ్ణి ఎత్తుపీట మీద కూసోబెడతా. నువ్వేమో సెప్పాలంటివే?"

"నిషాదం దగ్గర తొందరపడినానన్నా" అన్నది పవిత్ర.

ఈసారి ఇంటికప్పు మోగలేదు.

మరునాడు తెల్లవారుజామున వీధికి షడ్జం వినబడలేదు. నిషాదం వినబడింది. డికాషన్ దిగి, చల్లారి, మళ్లీ వేడెక్కినా ఆ స్వరం వీడలేదు.

"పాపా, ఏర్పేడు బస్సు పోతుందే" అని పక్కగదినుండి జయరామ్ కేకవేశాడు.

ఆమె పెదవుల నడుమనుండి పీకను తీయలేదు. కొంతసేపటికి డోలు వచ్చి కలిసింది. పైస్థాయికి ఎక్కేచోట అలవాటుగా ఒక మెట్టు దిగబోయింది గానీ, ఆమె కోసం ఆగవలసిన పని ఆ రోజు దానికి పడలేదు.