తలుపు దగ్గర మనిషికి టీ

మొగుడి సంచీ సర్దడం మువత్తర్‌కి కళ్ళు మూసుకుని చేసే పని. అడుగున ఉన్ని బనియన్లు, వాటి మీద పనిలోకి వేసుకునే ప్యాంట్లు, మేజోళ్ళ మధ్య ఎండు ఆప్రికాట్ల పొట్లం, అన్నిటికీ పైన తువ్వాలు. ఓదిల్ ఏటా మార్చిలో రష్యా వెళ్ళి అక్కడ ఇళ్ళ కట్టుబడి పని చేస్తాడు. చలి ముదిరి పని ఆగాక ఉజ్బెకిస్తాన్‌లోని సొంతూరు కోకంద్‌కి తిరిగొస్తాడు.

"సెవారా, నా రేజరు పెట్టావా?" అని అరిచాడు వరండాలోంచి.

సెవారా వాళ్ళ కూతురి పేరు. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో మర్యాద కాదు కాబట్టి, పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ కూతురి పేరే తల్లికీ సరిపోయింది. అత్తగారికైతే అదీ అక్కర్లేదు. "కెలిన్" అంటే చాలు, ఓ కోడలా అని.

గుమ్మంలో అత్త ఓయింఖాన్ గుండ్రటి రొట్టె పట్టుకుని నిలబడింది. ఓదిల్ వంగి ఒక ముక్క కొరికాడు. మిగతాది ఆవిడ గుడ్డలో చుట్టి వంటింటి గోడకున్న మేకుకి తగిలించింది. వెళ్ళినవాడే వచ్చి దాన్ని ముగించాలి, అందాకా ఇంకెవరూ ముట్టరు. పక్క మేకుకి పొగచూరి నల్లబడిన మూట ఒకటి వేలాడుతోంది. అది మామగారిది. తన ఆఖరి బిడ్డ ఇంకా పాకే వయసులో ఉండగా కొరికి వెళ్ళాడు ఆయన. ఓయింఖాన్ ఆ మూట మీది దుమ్ము దులుపుతుంది గాని కిందికి దించదు. ఇంట్లో ఎవరు సంచీ జిప్పు లాగినా ఆవిడ మొహం పాలిపోతుంది.

ఆ వసంతంలోనే మువత్తర్ పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. కంప్యూటర్‌కి పని చెప్పే భాష అది. తాష్కెంట్‌లో ఆడవాళ్ళ కోసం పెట్టిన ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు ఫోన్లో అభ్యాసాలు పంపేవారు. అన్నీ పూర్తి చేసినవాళ్ళకి సెప్టెంబరులో అక్కడే హాస్టలు, భత్యం, ఆ తర్వాత ఉద్యోగం. బిడ్డలున్నవాళ్ళు వెంట తెచ్చుకోవచ్చు. మరిది జాహిద్ వాడి పడేసిన ల్యాప్‌టాప్‌ను పరుపుల దొంతర వెనక దాచుకుని, రొట్టెల పిండి పొంగేలోపు తీసి కూర్చునేది. రోజు మొత్తంలో ఎవరూ అడగని సమయం అదొక్కటే.

మొదటి అభ్యాసం చాలా చిన్నది. నీ పేరేమిటని కంప్యూటర్ అడగాలి, చెప్పగానే పలకరించాలి. ఆమె అక్షరం అక్షరం వెతుక్కుని రాసింది. తెర మీద "సలాం, మువత్తర్" అని వచ్చింది. పిండి గిన్నె అంచు దాటి పొంగుతున్నా లేవలేదు. మళ్ళీ నడిపించింది. మళ్ళీ సలాం అంది.

"కూర్చుని మీటలు నొక్కితే తందూరు దానంతటదే రాజుకుంటుందా, కెలిన్?" అనేది అత్త.

"పైథానా? పామును తెచ్చి ఇంట్లో పెంచుతున్నావా?" అని ఫోన్లో ఓదిల్ నవ్వాడు. పక్కన అతని గదిలోవాళ్ళు కూడా నవ్వారు.

ఆ నవ్వు చాలారోజులు ఆమె చెవుల్లో ఉండిపోయింది. అంతకన్నా పాతదొకటి ఇంకా లోపల ఉంది. "నీకేం, హాయిగా ఇంట్లో ఉంటావు" అని పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నాడు, ఎత్తిపొడిచినట్టు కూడా కాదు, మామూలుగా. తెల్లారకముందే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ఆవుకి మేత వేసి, పిండి పిసికి, మండే తందూరులోకి భుజం దాకా చెయ్యి పెట్టి రొట్టెలు అంటించి, ఆ మధ్యలో గుండె మీద చెయ్యి పెట్టి వచ్చినవాళ్ళందరికీ వంగి వంగి సలాములు చేసేదాన్ని హాయిగా ఉన్న మనిషి అంటారని ఆమెకి ఆ రోజే తెలిసింది. అతను పంపే డబ్బుకి ఇంట్లో అందరూ దీవెనలు చెబుతారు. రొట్టెకి మాత్రం ఉప్పు తక్కువైతేనే ఆమె గుర్తొస్తుంది. అది అన్యాయమని ఎవరితోనైనా అంటే, ఏది అని అడుగుతారు. చూపించడానికి చేతిమీద కాలిన మచ్చలు తప్ప ఏమీ లేవు. అవి అందరు ఆడవాళ్ళకీ ఉంటాయి.

జూన్‌లో లూప్‌ల పాఠం వచ్చింది. ఒకే పనిని వరసలో ఉన్న ప్రతివాళ్ళకీ చేయించడం. 'మీ ఇంట్లో టీకి కూర్చునేవాళ్ళ పేర్లు కూర్చునే వరసలో ఒకటి నుంచి అంకెలు వేసి రాసి, ఒక్కొక్కరికీ టీ ఇప్పించండి' అన్నది అభ్యాసం. ఆమెకి ఆ వరస ఎవరు చెప్పాలి? తలుపుకి దూరంగా పెద్దలు కూర్చునే చోట అత్త, తర్వాత జాహిద్, ఆడపడుచు హూరియా, సెవారా, ఆఖర్న తలుపు పక్కన టీ కెటిల్ పట్టుకుని తను. ఒకటి నుంచి ఐదు దాకా ఇవ్వమని రాసి, వచ్చిన జవాబు పంపేసి, గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

పాఠం చెప్పే నఫీసాను అందరూ ఓపా అంటారు, అక్క అని. ఆమె గొంతు ఫోన్లో వినిపించింది. "తప్పు వచ్చింది చెల్లీ. ఒకరికి టీ అందలేదు, చూసుకో."

చేతులు తుడుచుకుని చూసింది. అత్తకి వచ్చింది. జాహిద్‌కి, హూరియాకి, సెవారాకి వచ్చింది. ఎన్నిసార్లు చూసినా లోటు కనబడలేదు.

"లేదు ఓపా, అందరికీ వచ్చింది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. అందరూ తాగుతున్నారు."

"తలుపు దగ్గర కూర్చున్నదెవరే, పిచ్చిదానా?" అంది నఫీసా ఓపా మెల్లగా. "ఐదు దాకా అని రాస్తే పైథాన్ నాలుగు దగ్గరే ఆగిపోతుంది. అది అందరూ చేసే తప్పే. కానీ చూపించాక కూడా కనబడకపోవడం..." అని ఆపేసింది.

మువత్తర్ ఐదుకి ఒకటి కలిపింది. తన పేరు కింద టీ వచ్చింది. ఆ మధ్యాహ్నం చాలా ఏడ్చింది. కోపం వచ్చింది కంప్యూటర్ మీద కాదు, తన కళ్ళ మీద.

సాయంత్రం పింగాణీ పియాలాల్లో అందరికీ టీ పోసి, తనకొకటి నిండా పోసుకుని అక్కడే కూర్చుని తాగింది. మధ్యలో జాహిద్ ఖాళీ పియాలా చాచాడు.

"తాగుతున్నాను. కెటిల్ నీ పక్కనే ఉంది," అంది.

"చూశావా వదినని!" అని హూరియా కిసుక్కుమంది. ఓయింఖాన్ మాత్రం నవ్వలేదు. "పాము కాటేసింది దీన్ని," అంది.

ఆగస్టు చివర్లో సీటు వచ్చినట్టు కబురొచ్చింది. ఓదిల్‌కి ఫోన్ చేసి చెప్పింది.

"నువ్వెళితే అమ్మకి టీ ఎవరు పోస్తారు?" అన్నాడు. అతని నోట మొదట వచ్చిన మాట అదే. "నేనొచ్చాక చూద్దాంలే."

"అప్పటిదాకా సీటు ఆగదు."

"అయితే విను. వెళ్ళావంటే మళ్ళీ ఆ గుమ్మం తొక్కకు."

"సరే."

"ఏంటి సరే?"

"మీరన్నదే. తొక్కను."

ఈసారి సంచీ సర్దడం కష్టమైంది. తన బట్టలు ఏవి ముందు పెట్టాలో ఆమెకి తెలియలేదు. సెవారా పుస్తకాలు, గౌన్లు సర్ది, ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టి పైన పెట్టింది. జిప్పు లాగిన చప్పుడుకి ఓయింఖాన్ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో రొట్టె ఉంది.

"కొరుకు, కెలిన్. నువ్వూ పిల్లా ఒక్క ముక్క కొరకండి. తగిలిస్తాను."

మువత్తర్ గోడ మీది నల్ల మూటను చూసింది. దాని కింద ఒక ఆడమనిషి ఎంతకాలం నిలబడిందో చూసింది. ఆ ముసలామె మీద జాలి వేసింది. జాలి వేసినా రొట్టె కొరకలేదు.

"వద్దు ఓయిజాన్, వద్దమ్మా. తిరిగొస్తానని నేను చెప్పడం లేదు. రైల్లో తినడానికైతే ఇవ్వండి."

రొట్టె మొత్తం తీసుకుని సంచీలో పెట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని వాకిట్లోకి దిగింది. ఆ వాకిలి ఆ పొద్దున ఎవరూ ఊడవలేదు.

"సాయంత్రం టీ ఎవరు పోస్తారే?" అంటోంది వెనకాల ఓయింఖాన్.

ఓదిల్ నవంబరులో వచ్చాడు. మేకు మీది రొట్టె దించి, నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాడు. మువత్తర్ సెప్టెంబరు మూడో తేదీ ఉదయం ఆ ఇంట్లోంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.