పడుకుని చూడని గది

గది గీసే ముందు ఆవిడ ఆ గదిలో ఒక పూటంతా పడుకుంటుంది. మంచం ఇంకా రాకపోతే నేల మీద పాత దుప్పటి పరుచుకుని, చేతులు పక్కన పెట్టుకుని, కప్పు కేసి చూస్తూ వెల్లకిలా పడుకుంటుంది. జబ్బు మనిషికి గోడలు కనపడవు, కప్పే కనపడుతుంది అని ఆవిడ వాదం. వడ్రంగులూ రంగులవాళ్ళూ మొదట్లో చాటుగా కిసుక్కుమని నవ్వుకున్నారు. పోనుపోను అభిమానం పుట్టి "పడకమ్మ" అని పేరు పెట్టేశారు. ఇప్పుడు ఆసుపత్రుల వాళ్ళు కూడా ఆ పేరుతోనే ఆవిడ కోసం వాకబు చేస్తారు. ఆవిడ గీసిన గదుల్లో మనుషులు తొందరగా కోలుకుంటారనీ, అది కాకపోయినా తొందరగా నిద్రపోతారనీ పేరుంది.

ఇంత మంచి పేరున్న మనిషి కడుపులో పదేళ్ళుగా ఒక పగ ఉంది. ఏదో కోపం వచ్చి పోయేరకం కాదు. వేళకి తిండి పెట్టి, ముద్దు చేసి, పెంచి పెద్ద చేసుకున్న పగ. అది పతకాలాయన మీద.

పతకాలాయన ఆవిడకి పని నేర్పిన గురువు. ఎదురుగా అందరూ "సార్" అనేవారు, వెనకాల ఈ పేరుతో పిలిచేవారు. ఆయన ఆఫీసులో గుమ్మం నుంచి మరుగుదొడ్డి దాకా గోడంతా పతకాలే. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఊళ్ళో పెద్దాసుపత్రి కొత్త భవనానికి వచ్చింది. రెండువందల పన్నెండు గదులు, అన్నీ ఒక్కలాంటివే. నున్నగా మెరిసే తెల్ల గోడలు, కప్పుకి ఆనుకుని సన్నటి కిటికీ, కప్పు మధ్యలో పళ్ళెమంత గుండ్రటి లైటు. గుమ్మంలో నిలబడి ఫోటో తీస్తే, పైనుంచి పడే వెలుగులో తెల్లటి మంచం ఒక్కటీ తేలుతున్నట్టుండేది. ఆ ఫోటో పత్రికల అట్టల మీదికెక్కింది, ఆయన కళ్ళు నెత్తికెక్కాయి.

నమూనా గది కట్టినప్పుడు పడకమ్మ ఆయన దగ్గర చిన్న ఉద్యోగి. అలవాటు ప్రకారం ఆ మంచం మీద ఒక పూట పడుకుని, లేచి వెళ్ళి చెప్పింది.

"సార్, లైటు సరిగ్గా కళ్ళల్లో పడుతోంది. కిటికీ ఉందన్న మాటే గానీ పడుకున్న మనిషికి ఏమీ కనపడదు. తలుపు తల వెనక పెట్టాం, ఎవరొచ్చారో తెలీక గుండె దడదడలాడుతోంది."

ఆయన కుర్చీ వెనక్కి వాల్చి ఆఫీసంతా వినేలా అన్నాడు. "నిద్ర కావాలంటే ఇంటికెళ్ళి పడుకోవాలమ్మా. ఇక్కడ జీతమిచ్చేది పనికి."

అందరూ పగలబడి నవ్వారు. సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. సరే, ఉద్యోగం పోయినవాళ్ళు లోకంలో బోలెడుమంది, అంతమాత్రానికే ఎవరూ పగబట్టి కూర్చోరు. పడకమ్మ కూడా నాలుగు రోజులు ఏడ్చి, కొంగు దులుపుకుని, సొంత పని మొదలుపెట్టుకునేది. అలాగే మొదలుపెట్టుకుంది కూడా.

ఆ తర్వాత ఏడాదికి వాళ్ళ అమ్మకి జబ్బు చేసింది. ఎక్కడెక్కడో తిప్పి చివరికి ఆ గదుల్లోనే ఒకదాంట్లో చేర్చారు.

నలభై రోజులు ఉంది అమ్మ అందులో. లైట్లన్నిటికీ కలిపి స్విచ్చి బయట వరండాలో ఉండేది, పగలైనా రాత్రైనా ఆ లైటు వెలుగుతూనే ఉండాలి. ఆర్పితే ఆ సన్నటి కిటికీతో గది చీకటి గుయ్యారమైపోయి నర్సులకి సూది కనపడేది కాదు. తల వెనక తలుపు చప్పుడైన ప్రతిసారీ అమ్మ ఉలిక్కిపడి "ఎవరూ? ఎవరూ?" అనేది. పడకమ్మ ఒకరోజు ఓపిక పట్టలేక స్టూలెక్కి లైటు చుట్టూ అట్టముక్క అంటించింది. గంటలో వచ్చి పీకేశారు. గీసినాయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ గదుల్లో మేకు కూడా మార్చకూడదట, ఒప్పందంలోనే ఉందట. పడకమ్మ సిగ్గు చంపుకుని పాత గురువుకి ఉత్తరం రాసింది. ఒక్క గదిలో ఒక్క లైటు పక్కకి జరపనివ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను అని రాసింది. ఉత్తరం తిరిగొచ్చింది. అడుగున ఎర్ర పెన్సిలుతో ఒకటే మాట: "కుదరదు."

అమ్మ కళ్ళ మీద జేబురుమాలు వేసుకునే పోయింది. ఆఖరి రోజు కూడా ఆ దీపం తీసెయ్యవే అనే అడిగింది. అమ్మ ఎలాగూ పోయేదేనని డాక్టర్లు చెప్పారు, అది పడకమ్మకీ తెలుసు. కానీ పోయేదాకా అమ్మని అంత ఏడిపించి పంపక్కర్లేదు కదా!

ఇదిగో, ఇన్నేళ్ళకి పతకాలాయన కట్టుబడి పని చూడబోయి మెట్ల మీంచి జారి పడ్డాడు. తుంటి ఎముక, నడుము ఎముక రెండూ చిట్లాయి. ఎముకల ఆసుపత్రిలో చేర్చారు. మూడు నెలలు అటూ ఇటూ తిరగకుండా వెల్లకిలా పడుకోవాలన్నారు. కొడుకు ఇంట్లోనే ఒక గది తయారుచేయించాలనుకున్నాడు. పెద్దాసుపత్రి డాక్టరమ్మని అడిగితే ఆవిడ పడకమ్మ నంబరిచ్చింది.

కొడుకు నాన్న పేరు చెప్పుకుని బతికే మనిషి. నాన్న అంటే దేవుడు. పడకమ్మ ఎవరో అతనికి తెలీదు, ఒకప్పుడు నాన్న ఆఫీసులో పనిచేసిన మనుషుల లెక్క అతనికెందుకు?

"మేడమ్, ఖర్చు గురించి ఆలోచించకండి. నాన్నగారు తొందరగా లేచి తిరగాలి."

పడకమ్మ ఆ ఇంటికొచ్చేటప్పుడు సంచీలో మంచి గది బొమ్మే పెట్టుకొచ్చింది. లైటు గోడవార, కిటికీ మంచం ఎత్తున, తలుపు కాళ్ళ వైపు. దాన్ని బయటికి తీయబోతూ ఎదురుగా గోడ మీద ఆ పత్రిక అట్ట మీది ఫోటో చూసింది. తెల్లటి గది, తేలుతున్న మంచం, బంగారు రంగు చట్రంలో. చెయ్యి సంచీలోనే ఆగిపోయింది.

"మీ నాన్నగారికి వేరే ఎవరి గదో ఎందుకండీ?" అంది. "ఇంత గొప్ప గది ఆయనే గీశారు కదా. అదే కడదాం."

కొడుకు మొహం చాటంతయింది. "నాకు తట్టనేలేదు చూడండి! అదే కట్టండి మేడమ్. వెంట్రుకవాసి కూడా మార్చకండి. నాన్నగారికి ముందే చెప్పొద్దు, కళ్ళు తెరిచి ఆయనే గుర్తుపట్టాలి, ఆ ఆనందం నేను చూడాలి."

"తప్పకుండా చూద్దురుగాని," అంది పడకమ్మ.

ఆ గది బొమ్మకి పాత నకలు ఆవిడ దగ్గర భద్రంగా ఉంది. పదహారు రోజుల్లో గది లేచింది. లైటు అంగుళం తేడా రాకుండా తలగడకి సరిగ్గా పైన పెట్టించింది. వడ్రంగి "పడుకుని చూడరా అమ్మా?" అని అడిగాడు. అక్కర్లేదంది. పడుకోకుండా వదిలేసిన గది ఆవిడ బతుకులో అదొక్కటే.

పతకాలాయన్ని ఎముకల ఆసుపత్రి నుంచి స్ట్రెచర్ మీద తీసుకొచ్చి మంచం మీదికి మార్చారు. కొడుకు పక్కన నిలబడి ఆశగా మొహంలోకి చూశాడు. ఆయన కప్పు కేసి చూసి "ఏమిటీ వెలుగు?" అని విసుక్కుని కళ్ళు మూసుకున్నాడు. నొప్పి మీద ఉన్నారు, రేపు గుర్తుపడతారులే అనుకున్నాడు కొడుకు.

రేపూ గుర్తుపట్టలేదు, ఎల్లుండీ గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఆ గదిని ఆయన కాగితం మీద పైనుంచి చూశాడు, గుమ్మంలోంచి చూశాడు, పత్రిక అట్ట మీద చూశాడు. మంచం మీంచి ఎన్నడూ చూసి ఎరగడు.

పడకమ్మ రోజూ మధ్యాహ్నం ఆ ఇంటి నర్సుకి ఫోన్ చేసేది. గది ఎలా ఉందో కనుక్కోవడం ఆవిడ పద్ధతే, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మూడో రోజున లైటు ఆర్పమన్నారట, ఆర్పితే చీకట్లో భయమేసి మళ్ళీ వెయ్యమన్నారట. ఆరో రోజున వెనకనుంచి వచ్చిన నర్సుని దొంగనుకుని కేక పెట్టారట. ఎనిమిదో రోజున మందు గ్లాసు విసిరి కొట్టారట. పడకమ్మ అన్నీ విని, ఫోన్ పెట్టేసి, వంటింట్లోకెళ్ళి తృప్తిగా భోంచేసేది. హాయిగా ఉండేది. ఎంత హాయిగా ఉండేదంటే, ఒకసారి తనకే సిగ్గేసింది. ఆ ఎర్ర పెన్సిలు మాట గుర్తు తెచ్చుకుంటే సిగ్గు వచ్చిన దారినే పోయింది.

పదకొండో రోజు పొద్దున కొడుకు ఫోన్ చేశాడు. "నాన్నగారు గది చేసినవాళ్ళని పిలిపించమంటున్నారు. కొంచెం కోపంగా ఉన్నారు."

పడకమ్మ మంచి చీర కట్టుకుని, గుండ్రంగా చుట్టిన బొమ్మ చంకలో పెట్టుకుని వెళ్ళింది. డాక్టరమ్మ అప్పుడే చూడ్డానికొచ్చి మంచం పక్కన నిలబడి ఉంది. కొడుకు కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. పతకాలాయన భార్య తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఏదో అల్లుకుంటోంది.

"ఎవరది? ఎవరొచ్చారు?" అన్నాడు మంచం మీంచి.

"గది చేసినావిడ, నాన్నగారూ."

"రానీ, వినిపోనీ! ఏ గాడిద గీసింది ఈ గది? లైటు తీసుకొచ్చి కంటిగుడ్డులో పెట్టారు. కిటికీ ఎవరికి, పావురాలకా? తలుపు నెత్తి వెనకాలా? వచ్చేది నర్సో యముడో తెలీక చస్తున్నాను! మనిషనేవాడు ఒక్కసారి ఇక్కడ పడుకుని చూశాడా అసలు? నా దగ్గర పనిచేసేవాడైతే చెవి మెలిపెట్టి బయటికి గెంటేసేవాణ్ణి!"

డాక్టరమ్మ నేల చూపులు చూసింది. కొడుకు కంగారుగా మంచం మీదికి వంగాడు. "నాన్నగారూ... అదీ..."

పడకమ్మ ముందుకొచ్చి, బొమ్మ విప్పి, రెండు చేతులతో ఆయన మొహానికి పైన, లైటుకి అడ్డంగా పట్టుకుంది. వెనక వెలుగుకి గీతలన్నీ నల్లగా తేలాయి. మూలన ఆయన సంతకం, కింద తారీఖు.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. పడకమ్మ చేతులు లాగేస్తున్నా దించలేదు.

"నువ్వా," అన్నాడు చివరికి, కాగితం పక్కనుంచి ఆవిడ మొహం చూసి.

"నేనే సార్. అప్పుడు చెప్పింది నేనే. మా అమ్మ ఈ గదిలోనే పోయింది, ఈ లైటు కిందే. ఉత్తరం రాస్తే కుదరదన్నారు."

"నాకు గుర్తులేదు."

"నాకుంది."

డాక్టరమ్మ అందుకుంది. "తొమ్మిదేళ్ళుగా నేనూ రాస్తున్నాను సార్ మీకు. రెండువందల పన్నెండు మంచాలున్నాయి. ఒక్కదానికీ మీరు ఒప్పుకోలేదు."

పతకాలాయన కళ్ళు మూసుకున్నాడు. రెప్పల్లోంచి కూడా ఆ వెలుగు తెలుస్తూనే ఉంటుంది, అది పడకమ్మకి తెలుసు. కాసేపటికి చెయ్యి చాపాడు. డాక్టరమ్మ ఎప్పట్నుంచో మోసుకు తిరుగుతున్న ఒప్పుకోలు కాగితం సంచీలోంచి తీసింది. పడుకుని రాయబోతే పెన్నులో సిరా దిగలేదు. పెన్సిలు తెచ్చిస్తే దాంతో సంతకం పెట్టాడు. మార్చే పని నీదేనంటూ డాక్టరమ్మ ఆ కాగితం పడకమ్మకి అందించింది.

"అయింది కదా," అన్నాడు. "ఇంక ఈ లైటు పీకించు."

"వరసుంది సార్. ముందు నుంచీ కాచుకున్నవాళ్ళు రెండువందల పన్నెండుమంది. వాళ్ళవయ్యాక మీది."

"రోజుకెన్ని చేస్తావు?"

"నాలుగు."

ఆయన పెదవులు కదిలాయి. లెక్క తేలినట్టుంది, మొహం పాలిపోయింది. "యాభై మూడు రోజులు! ఇంకో ఇద్దరు మనుషుల్ని పెట్టుకో!"

"తొందరపడితే పని చెడుతుందని మీరే నేర్పారు."

కొడుకు నిప్పు తొక్కినట్టు ఎగిరిపడ్డాడు. "ఏమిటండీ ఇది, జబ్బు మనిషి మీదా మీ కక్ష? మీరేం చెయ్యక్కర్లేదు! సాయంత్రానికి వేరే మనిషిని పిలిపించి నేనే మొత్తం పీకిస్తాను!"

"ఎవర్నీ పిలవకు," అంది వెనకనుంచి భార్య. ఇంతసేపూ ఆవిడ అల్లిక ఆపలేదు. "ఇల్లు నా పేరున ఉంది. ఇందులో మేకు కొట్టాలన్నా పీకాలన్నా నేను చెప్పాలి. నాలుగే చెయ్యమ్మా రోజుకి. నిదానంగా, సరిగ్గా చెయ్యి."

"అమ్మా!"

"నాకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు తొమ్మిది రోజులు ఆ గదుల్లో ఉన్నాను. నువ్వప్పుడు పరీక్షలని ఊళ్ళో లేవు. గీసినాయన భార్యనని నర్సులంతా వచ్చి చూసిపోయేవారు. మొదటి రోజే మీ నాన్నగారికి చెప్పాను, లైటు గుచ్చుకుంటోందండీ అని. కళ్ళు మూసుకో అన్నారు." ఆవిడ దారం తుంచింది. "ఆయన్ని ఇక్కడ పడుకోబెట్టిన పూటే పోల్చుకున్నాను, ఇది ఏ గదో."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేమమ్మా?"

"ఆయన నన్నడగలేదురా."

పతకాలాయన భార్య మొహం చూద్దామని మెడ తిప్పబోయాడు. తిరగలేదు. నడుము కట్టు పట్టేసి నొప్పితో మూలిగాడు. ఆవిడ అల్లిక బుట్టలో పెట్టుకుని, లేచి, పడకమ్మతో పాటు బయటికి నడుస్తూ టీ తాగుతావా అని అడిగింది. పడకమ్మ వద్దంది. రేపు ఎనిమిదింటికల్లా పెద్దాసుపత్రిలో మొదటి నాలుగు లైట్లు విప్పించాలి.