పక్కింటావిడ దేవుడు

మా రెండు పోర్షన్లకూ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. అవతల రిటైరైన టీచరు హెప్సిబాగారు, ఇవతల నేను, సుబ్బరత్నం. ఆవిడ రోజూ తెల్లవారుజామున అయిదింటికి ప్రార్థన చేస్తుంది. పైనున్న దేవుడికి ఎంత వినపడుతుందో తెలియదు గానీ, పక్కనున్న నాకు మాత్రం పొల్లుపోకుండా వినపడుతుంది.

"ప్రభువా, గ్యాస్ బండ అయిపోయింది. నీకు తెలియనిది కాదు" అంటుంది. ఆరింటికల్లా మా రెండో బండ వాళ్ళ గుమ్మంలో ఉంటుంది. "తండ్రీ, మోకాలు లేవనివ్వడం లేదు, వంట సంగతి నువ్వే చూడు" అంటుంది. పప్పూ అన్నం క్యారేజీలో పెట్టి పంపిస్తాను. ఆదివారం వీధి చివరి చర్చి మైకులో ఆవిడ సాక్ష్యం వినపడుతుంది: "నేను ఏ మనిషినీ అడగలేదు. నా దేవుడే పంపాడు." సొమ్మొకడిది, సోకొకడిది. మూడేళ్ళుగా ఇదే వరస. ఒక్కసారి గుమ్మం దిగి వచ్చి నన్ను అడిగితే ముత్యాలు రాలిపోతాయా అని నాకు ఒళ్ళు మండేది.

పోయిన నెల ఒక గురువారం ఆవిడకు కంటి ఆపరేషన్ పడింది. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంటికీ శుక్లం ముదిరింది. వెంట మనిషి లేకుండా వస్తే ఆపరేషన్ చేసేది లేదని బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రి వాళ్ళు చెప్పేశారు. చూస్తే ఆ గురువారమే చర్చి సంఘమంతా చల్లపల్లి సభలకు వెళుతోంది. పాస్టరు యేసుకుమార్ గారు ఇంటికి వచ్చి, మనుషుల మీద ఆధారపడవద్దని ధైర్యం చెప్పి, బస్సులో ఆవిడ సీటు ఇంకొకరికి ఇచ్చి వెళ్ళారు.

మూడు రోజులు గోడ అవతల ఒకటే ప్రార్థన. "ప్రభువా, ఒక మనిషిని పంపు." నేను పచ్చడి అవసరం లేకపోయినా మిక్సీ వేశాను. ఈసారి ఆ దేవుడినే ఆటో కట్టించుకుని రానీ అనుకున్నాను.

గురువారం పొద్దున ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆసుపత్రి ఫైలు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఏడున్నరకు బయల్దేరాలి. ఏడూ నలభై అయింది. ఉండబట్టలేక బయటికి వచ్చాను.

"తోడు ఎవరొస్తున్నారండీ?" అన్నాను.

"ప్రభువు పంపిస్తాడండీ."

"పంపకపోతే?"

ఆవిడ కన్ను చికిలించి నా కాళ్ళ వంక చూసింది. "మీరు చెప్పులేసుకునే వచ్చారుగా."

నాకు కోపం నషాళానికంటింది. "నేను వింటానని తెలిసే ఇన్నాళ్ళూ గట్టిగా చేస్తున్నారన్నమాట. అదేదో నన్నే అడగొచ్చు కదండీ."

ఆవిడ కాసేపు ఫైలు తాడు ముడేస్తూ, విప్పుతూ కూర్చుంది. "దేవుడు కాదంటే ఆయన చిత్తమని సర్దుకుంటానండీ. మీరు కాదంటే రేపట్నుంచి మీ మొహం ఎట్టా చూసేది? నాకున్న పక్కిల్లు మీరొక్కరే."

ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో కంట్లో చుక్కలు వేసి, ఆకుపచ్చ గౌను తొడిగి, చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆవిడ కుర్చీ ఆపించింది. నేను ఎటున్నానో తెలియక గాల్లోకి చెయ్యి చాపింది.

"సుబ్బరత్నంగారూ, భయంగా ఉందండీ. లోపలికొచ్చి కాస్త నా చెయ్యి పట్టుకోరూ?"

మూడేళ్ళుగా నేను కాచుకుని ఉన్న మాట అది. గబగబా ముందుకు వెళ్ళాను. నర్సు అడ్డం వచ్చింది.

"అటెండెంట్లు లోపలికి రాకూడదమ్మా."

బతిమాలాను. రూలు రూలేనంది. తలుపు మూసుకునేటప్పటికి ఆవిడ చెయ్యి ఇంకా చాపే ఉంది.

బెంచీ మీద కూలబడ్డాను. ఆవిడ మొదటిసారి ఒక మనిషిని నోరు తెరిచి అడిగితే దొరికిన జవాబు అది. ఏడుపొచ్చింది. ఆ తలుపు దాటి వెళ్ళగలిగితే ఆవిడ దేవుడొక్కడే వెళ్ళాలి. ఆయనతో నాకు ముఖపరిచయం కూడా లేదు. పేరు పెట్టి పిలవడానికి మొహమాటం వేసింది.

"ఏవండీ," అన్నాను, పైకే. "లోపల ఆవిడ చెయ్యి కాస్త పట్టుకోండి."